రాతి గోడలో మాలు పని ఎంత?

రాతి కట్టడం మీద ప్రశ్నలు పంపమని అడిగితే ఇన్ని వస్తాయనుకోలేదు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, పాత ఇల్లు బాగు చేయించుకుంటున్నవాళ్లు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు, రాళ్లు కోసేవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు కూడా రాశారు. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి జవాబిస్తున్నాను. కొన్నిటికి రెండు ముక్కల్లో తేలిపోయింది, కొన్నిటికి కాస్త ఓపిక పట్టి చదవాలి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, రాతితో ప్రహరీ కట్టిస్తున్నాం. పనివాళ్లు రాయి పెట్టడం, సందుల్లో సిమెంటు మాలు కుమ్మరించడం, దాని మీద ఇంకో రాయి పడేయడం, ఇదే వరస. అడిగితే మాలు ఎంత పడితే గోడ అంత గట్టి అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. ఈ మాట ఎక్కడ విన్నా నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఇది నమ్మిన దగ్గర్నుంచి రాయిని చూసి పెట్టడం మానేస్తారు. రాతి గోడ నిలబడేది రాళ్ల బరువు మీద, ఒక రాయి ఇంకో రాయి మీద కూర్చున్న తీరు మీద. గ్రానైట్ ఒక ఘనపుటడుగు దాదాపు 75 కిలోలు తూగుతుంది. అంత బరువు తిన్నగా కింది రాయి మీదికి దిగితే దాన్ని కదపడం మాటలు కాదు. మాలు ఏం చేస్తుందంటే, రాళ్ల అడుగున ఉన్న ఎగుడుదిగుళ్లు పూడ్చి బరువు అంతటా సమానంగా పడేలా చూస్తుంది, గాలీ వానా లోపలికి దూరకుండా ఆపుతుంది. రాళ్లను పట్టి అంటించే పని దానితో జరిగేది చాలా తక్కువ, గోడ దాని మీదే ఆధారపడేలా కట్టామంటే కట్టడంలోనే లోపం ఉన్నట్టు.

ఫ్రాన్సులో రోమన్లు 1వ శతాబ్దంలో కట్టిన పోన్ దు గార్ అనే నీటి వంతెన ఉంది. దాదాపు 49 మీటర్ల ఎత్తు. ఆ పెద్ద కమానుల్లో రాయికీ రాయికీ మధ్య మాలు లేదు, రాళ్లను అంత కచ్చితంగా చెక్కి కూర్చోబెట్టారు. చెక్కిన రాయి కదా, అందుకే నిలిచింది అంటారేమో, ఆఫ్రికాలోని గ్రేట్ జింబాబ్వే చూడండి. అక్కడి పెద్ద ప్రాకారం కొన్ని చోట్ల 11 మీటర్ల ఎత్తుంటుంది, అదంతా గ్రానైట్ ముక్కలు పేర్చిందే. వందల ఏళ్లుగా నిలబడే ఉంది. మాలు లేకుండా గోడ పేర్చే ఈ విద్యను 2018లో యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది, ఎనిమిది యూరప్ దేశాలు కలిసి అడిగితే.

మాలు మానెయ్యమని చెప్పడం లేదు. సైటుకి వెళ్లినప్పుడు ఒక పరీక్ష చేయండి. మాలు వేయకముందు రాయిని ఉత్తినే వరస మీద పెట్టించి, పైన చెయ్యి వేసి నాలుగు మూలలా నొక్కండి. ఊగకూడదు. ఊగితే దాన్ని తిప్పి చూడాలి, లేదా కింద పొడుచుకొచ్చిన బొడిపె సుత్తితో కొట్టేయాలి, అదీ కుదరకపోతే గోడ లోపలి వైపు నుంచి ఒక గట్టి రాతి ముక్క బిగించాలి. ముక్కలు బయటి వైపు నుంచి దోపితే కొన్నాళ్లకి జారి బయటికొచ్చేస్తాయి. తర్వాత అతుకులు చూడండి: రెండు రాళ్ల మధ్య సందు మీద పై వరసలో రాయి అడ్డంగా పడాలి, సందు మీద సందు రాకూడదు. మూడు నాలుగు వరసల సందులు ఒకే నిలువు గీతలోకి వచ్చాయంటే రేపు గోడ పగిలేది ఆ గీత వెంటే.

ఇంకోటి, ఇదే అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు. పొడుగాటి రాయిని పొడుగు బయటికి కనిపించేలా పెడతారు. అలా పెడితే గోడ చకచకా లేస్తుంది, చూడ్డానికీ పెద్ద రాయిలా అందంగా ఉంటుంది, కానీ లోపలికి జానెడు లోతు కూడా ఉండదు. పొడుగు ఎప్పుడూ గోడ లోపలికి పోవాలి. రెండు ముఖాల నడుమ ఖాళీలో మట్టీ రద్దూ పోయనివ్వకండి, అక్కడ కూడా చిన్న రాళ్లను చేత్తో ఒక్కోటి బిగించి పేర్చాలి. పోసిన రద్దు కిందికి దిగుతూ రెండు ముఖాలనూ బయటికి తోస్తుంది. ఈ లోపలి పని బయటికి కనిపించదు, అందుకే యజమాని దగ్గరుండి చూడాల్సింది అదే.

ప్రశ్న: తాతల నాటి రాతి ఇల్లు మాది. గోడ రెండడుగుల మందం. ఈ మధ్య ఒక గోడ నడుమ పొట్ట పెట్టినట్టు ఉబ్బింది. అంత మందం గోడకి ఏమీ కాదు, పైన ప్లాస్టరింగ్ చేయించమంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దు. మందం చూసి ధైర్యం తెచ్చుకోకండి. పాత మందపాటి గోడ చాలాసార్లు ఒక గోడ కాదు, వెన్ను కలిపి నిలబెట్టిన రెండు పలచటి గోడలు, మధ్యలో మట్టీ చిన్న రాళ్లూ. పొట్ట వచ్చిందంటే ఆ రెండూ విడిపోవడం మొదలైందని. పైన ప్లాస్టరింగ్ చేస్తే ఆ కదలిక కనబడకుండా పోతుంది తప్ప ఆగదు.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు వేలమంది చనిపోయింది ఇలాంటి ఇళ్లలోనే. మందపాటి రాతి గోడలు, మట్టితో పేర్చినవి, నెత్తిన బరువైన మట్టి కప్పు. తెల్లవారుజాము, అందరూ నిద్రలో ఉన్నారు. గోడ రెండు పొరలుగా విడిపోయి కప్పుతో సహా కూలింది. రాయి చెడ్డదై జరిగింది కాదది, ఆ రెండు పొరల్ని కలిపి పట్టుకునే రాళ్లు లేకపోవడం వల్ల జరిగింది. అందుకే ఈ విషయంలో మొహమాటానికి పోయి మెత్తగా మాట్లాడలేను.

గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాయిని సైట్లలో త్రూ స్టోన్ అంటారు. కొత్త గోడలో ప్రతి రెండడుగుల ఎత్తుకి ఒక వరసలో, నాలుగడుగులకి ఒకటి చొప్పున ఇవి పడాలి. అంత పొడుగు రాయి దొరకకపోతే గోడ మందంలో ముప్పాతిక వంతు ఉండే రాళ్లు రెండు పక్కపక్కన, ఒకటి ఇటు నుంచి ఒకటి అటు నుంచి వేయాలి. భూకంపం వచ్చే చోట పునాది పైన, కిటికీలు తలుపుల పైన, కప్పు కింద ఇనుప కడ్డీల కాంక్రీటు పట్టీ ఇల్లంతా చుట్టి రావాలి. మీలాంటి పాత గోడకి కూడా దారి ఉంది: అక్కడక్కడా జాగ్రత్తగా రాళ్లు తీసి ఆరపార కన్నం చేసి, రెండు చివర్లా వంచిన కడ్డీ పెట్టి కాంక్రీటు నింపుతారు. కానీ పొట్ట ఎక్కువైతే ఇది చాలదు, ఆ భాగం విప్పి మళ్లీ కట్టాల్సిందే. ముందు గోడ పైనుంచి గుండు దారం వేలాడదీసి, ఉబ్బు ఎంత ఉందో కొలిచి తేదీ వేసి రాసిపెట్టుకోండి, కప్పు నుంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో చూడండి, రాతి కట్టడాలు తెలిసిన ఇంజినీరుని పిలవండి. ఆయన వచ్చి చూసేదాకా ఆ గోడ పక్కన పిల్లల్ని పడుకోబెట్టకండి.

ప్రశ్న: రాయికి కింద మీద ఉంటుందంటారు. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: ఇసుకరాయి, సున్నపురాయి, నాపరాయి లాంటివి నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డవి. ఆ పొరలు నేలలో ఎలా పడుకుని ఉన్నాయో గోడలోనూ అలాగే పడుకోవాలి. నిలబెట్టి, పొర బయటికి చూసేలా పెడితే వానకీ ఎండకీ పొరలు ఒక్కోటి ఊడిపోతాయి. కమానులో మాత్రం బరువు వంపు వెంట పోతుంది కాబట్టి పొరలు ఆ తోపుకి అడ్డంగా ఉండేలా చూసుకోవాలి. కంటికి పొర తెలియకపోతే రాయిని తడిపి చూడండి, సన్నటి రంగు గీతలు బయటపడతాయి. గ్రానైట్‌లో ఇలాంటి పడక లేదు కానీ అది కూడా ఒక దిక్కున తేలిగ్గా చీలుతుంది, ఇంకో దిక్కున మొండికేస్తుంది, క్వారీలో పనిచేసేవాళ్లకి అది చెయ్యి పెడితే తెలుస్తుంది. పగులు సంగతైతే చెవితోనే తేల్చుకోవచ్చు. సుత్తితో తడితే మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే బొదబొదమంటుంది.

దీనికి తోడు ఇంకో మాట: కొత్తగా తీసిన ఇసుకరాయి, సున్నపురాయి చాలావాటిలో తడి ఉంటుంది, అప్పుడు ఉలికి తేలిగ్గా లొంగుతాయి, ఆరాక గట్టిపడతాయి. చెక్కుడు పని ఉంటే తడి ఉండగానే చేసుకోవడం మేలు, గోడలో పెట్టడానికి మాత్రం ఆరనివ్వాలి. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ అయితే వేసవిలో రాయి తీసి రెండేళ్లు ఆరుబయట వదిలేయమన్నాడు, చెడేది ఏదో ఆ రెండేళ్లలో తెలిసిపోతుందని.

ప్రశ్న: పాత ఇసుకరాతి గోడ సందుల్లో సున్నం రాలిపోతోందని సిమెంటుతో నింపించాం. కొన్నేళ్లకే సందులు బాగున్నాయి, రాళ్లు మాత్రం పొడిపొడిగా రాలుతున్నాయి. రాయి నాసిరకమా?

జవాబు: రాయి తప్పేం లేదు. ఇన్నేళ్లు నిలిచిన రాయి కొన్నేళ్లలో రాలిపోతోందంటే మధ్యలో మారింది సిమెంటు ఒక్కటే. గోడలోకి నీరు పోకుండా పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు, పోయిన నీరు బయటికి రావడానికి దారి వదలాలి. సున్నపు మాలు మెత్తగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది, తడి అందులోంచి ఆరిపోతుంది, చెడితే అదే చెడుతుంది, గీకి మళ్లీ పూయొచ్చు. సిమెంటు ఆ దారి మూసేసింది. ఇప్పుడు తడంతా రాతి ముఖంలోంచే బయటికి రావాలి, దానితో వచ్చిన ఉప్పు రాతి చర్మం వెనకాల గడ్డకట్టి ఆ చర్మాన్ని ఊడగొడుతోంది. గ్రానైట్‌కి ఇంత ప్రమాదం ఉండదు. మెత్తటి రాయికి మాత్రం మాలు రాయికంటే మెత్తగా ఉండి తీరాలి.

సిమెంటు తీయించండి, కానీ గ్రైండరు పెట్టనివ్వకండి, అది సందు కన్నా రాయినే ఎక్కువ తింటుంది. ఉలి, చిన్న సుత్తి, ఓపిక కావాలి. సందు వెడల్పుకి రెండింతల లోతు దాకా తీసి, దుమ్ము పోయేలా కడిగి, తడి ఉండగానే ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక కలిపిన మాలు గట్టిగా దట్టించాలి. గానుగ సున్నం దొరికితే ఇంకా మంచిది. పని అయ్యాక తడిపిన గోనె పట్టాలు కప్పి ఎండ నుంచి కాపాడండి, ఎందుకంటే సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోంచి పోయిన బొగ్గుపులుసు వాయువుని మళ్లీ గాలిలోంచి పీల్చుకుంటేనే సున్నం రాయిగా మారుతుంది, దానికి వారాలూ నెలలూ పడుతుంది, తొందరగా ఎండిపోతే పొడిగా మిగిలిపోతుంది. సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు, పనివాళ్లకి కళ్లద్దాలు లేకుండా పని మొదలుపెట్టనివ్వద్దు.

ఎప్పుడూ తడి తగిలే చోట సున్నం ఎలా గట్టిపడుతుందని ఇంకొకరు అడిగారు. మామూలు సున్నం అక్కడ సరిగ్గా గట్టిపడదు. 1750ల్లో ఇంగ్లండులో జాన్ స్మీటన్ సముద్రం నడుమ ఎడ్డిస్టోన్ బండ మీద దీపస్తంభం కట్టాల్సి వచ్చినప్పుడు ఇదే చిక్కొచ్చింది. రకరకాల సున్నపురాళ్లు కాల్చి చూసి, బంకమట్టి కలిసిన సున్నపురాయి నుంచి వచ్చే సున్నం నీటిలోనూ గట్టిపడుతుందని తేల్చాడు. రాళ్లనైతే ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా చెక్కించాడు. 1759లో ఆ స్తంభం మీద దీపం వెలిగింది. వందేళ్లు దాటాక దాన్ని తీసేయాల్సి వచ్చింది, స్తంభం చెడి కాదు, దాని కింద ఉన్న బండను సముద్రం తినేస్తోందని! పై భాగం విప్పి ప్లిమత్ ఒడ్డున మళ్లీ నిలబెట్టారు, ఇప్పటికీ ఉంది. ఈనాటి మామూలు సిమెంటుకి మూలమైన పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు తీసుకున్నది 1824లో, అంటే ఆ స్తంభం వెలిగిన 65 ఏళ్లకి.

ప్రశ్న: గుమ్మం పైన ఆరడుగుల రాతి దూలం కింది వైపు నుంచి పగిలింది. ఇనుప కడ్డీ పెట్టించి అతికించొచ్చా?

జవాబు: ముందు దాని కింద గట్టి సపోర్టు పెట్టించండి, మిగతాది తర్వాత. రాయి నొక్కుడుకి బలం, లాగుడుకి బలహీనం. మంచి గ్రానైట్ చదరపు సెంటీమీటరుకి 1000 కిలోల పైనే నొక్కుడు తట్టుకుంటుంది, లాగితే అందులో పదో వంతు కూడా తట్టుకోవడం కష్టం. దూలం మీద బరువు పడితే దాని అడుగు సాగుతుంది, అందుకే పగులు ఎప్పుడూ కింద మొదలవుతుంది. రాతి దూలాలతో కట్టిన పాత కట్టడాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉండేది అందుకే. వెడల్పు కావాలంటే కమాను, అందులో ప్రతి రాయీ నొక్కుడులోనే ఉంటుంది. లేదా దూలం పైన గోడలో చిన్న కమాను వేసి బరువుని పక్కలకి మళ్లించాలి.

మామూలు ఇనుము మాత్రం రాతిలో పెట్టించకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి రాయిని లోపల్నుంచి చీలుస్తుంది. ఏథెన్సులోని పార్థెనాన్ కట్టినవాళ్లు ఇనుప కట్లకి సీసం పోసి తడి తగలకుండా చేశారు. 20వ శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినప్పుడు సీసం లేకుండా ఇనుము వాడారు, అది తుప్పు పట్టి పాలరాయిని పగలగొట్టింది. ఇప్పుడు ఆ ఇనుమంతా తీసి టైటానియం వేస్తున్నారు. మీకు స్టెయిన్‌లెస్ స్టీలు సరిపోతుంది.

ప్రశ్న: మా ఆయన పదిహేనేళ్లుగా మిషన్‌తో రాళ్లు కోస్తున్నారు. ఏడాదిగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. దుమ్ము మాకు అలవాటే అంటారు, డాక్టరు దగ్గరికి రారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. ఈ వారమే తీసుకెళ్లండి. ఆ దుమ్ముకి ఏ ఒళ్లూ అలవాటు పడదు. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో గొంతులో ఆగిపోతుంది, కనిపించని సన్నటి సిలికా దుమ్మే ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లి అక్కడ మచ్చలు కడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం చేసే మందు లేదు, దుమ్ము నుంచి తప్పిస్తే ముదరడం నెమ్మదించే అవకాశం ఉంటుంది, అందుకే ఒక్కో నెల విలువైనది. డాక్టరుకి చెప్పే మొదటి మాట ఆయన చేసే పని, ఎన్నేళ్లుగా, పొడి కోతా తడి కోతా అన్నది. అది చెప్పకపోతే మామూలు దగ్గనో టీబీ అనో అనుకుని మందులిచ్చి పంపేస్తారు. సిలికా దుమ్ము పీల్చినవాళ్లకి టీబీ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ, కాబట్టి రెండిటికీ పరీక్ష చేయమనండి. ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. సిగరెట్టు ఉంటే మాన్పించండి.

పని మానలేని పరిస్థితి చాలా ఇళ్లలో ఉంటుంది, అది నాకు తెలుసు. అలాంటప్పుడు పొడిగా కోయడం అన్నది మాత్రం ఆగిపోవాలి. బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉండాలి, కింద పడ్డ దుమ్ము చీపురుతో ఊడ్చకుండా తడిపి తీయాలి. తువ్వాలు మూతికి కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. కనీసం ఎన్95 రకం మాస్కు, ముఖానికి ఖాళీ లేకుండా అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే అది అతుక్కోదు. నీళ్లు ముందు, మాస్కు తర్వాత, నీళ్లు లేకుండా మాస్కుని నమ్ముకోవద్దు. పని బట్టలు ఇంట్లో దులపనివ్వకండి, మీరూ పిల్లలూ అదే పీలుస్తారు. గ్రానైట్‌లో సిలికా పాతిక ముప్పై శాతం ఉంటే ఇసుకరాయిలో డెబ్బై తొంభై దాకా ఉంటుంది. వంటగట్లకి వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో తొంభై దాటడం మామూలే. అవి కోసిన కుర్రాళ్లు చిన్న వయసులోనే జబ్బుపడ్డారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. మీ ఆయన కోసేది ఆ పలకలే అయితే పని మార్చమనే చెప్తాను.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. రాతి పని నేర్చుకుందామని ఉంది. మిషన్లు వచ్చాక ఈ పనికి రోజులు లేవని ఇంట్లో అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, మిషను రాయిని కోస్తుంది, ఏ రాయి ఎక్కడ పెట్టాలో అది చెప్పదు. ప్యారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి 2019లో కాలిపోతే, 2024 చివర్లో మళ్లీ తెరిచేనాటికి అక్కడ రాతి పనివాళ్లకి చేతినిండా పని దొరికింది. పాత కట్టడాలు ఉన్నన్నాళ్లూ చెయ్యి తిరిగినవాళ్ల కోసం వెతుకుతూనే ఉంటారు. తొందరగా సంపాదించాలంటే మాత్రం ఇది సరైన దారి కాదు, గోడ నిటారుగా కట్టడానికే ఒకట్రెండేళ్లు పడుతుంది, చెక్కుడు పని చేతికి రావడానికి ఇంకా ఎక్కువ.

మొదట్లో ఎక్కువ సామాను కొనకు. మంచి సుత్తి ఒకటి, మొన ఉలి ఒకటి, బద్ద ఉలి ఒకటి, మూలమట్టం, గుండు దారం, కళ్లద్దాలు. వీలైతే రాయి చీల్చడం తెలిసినవాళ్ల దగ్గర ముందు చేరు, రాయి అర్థమయ్యేది అక్కడే. గీత వెంట జానెడు లోపు దూరంలో వరసగా కన్నాలు తొలిచి, ఒక్కో దాంట్లో రెండు ఇనుప రేకులు దించి వాటి మధ్య మేకు పెడతారు. మొదటి దాని నుంచి చివరి దాని దాకా ఒక్కో దెబ్బ, మళ్లీ మొదటి నుంచి. దెబ్బదెబ్బకీ చప్పుడు మారుతూ సన్నబడుతుంది. ఇక చాలు అనిపించినచోట కొట్టడం ఆపి రాయికి టైము ఇవ్వాలి, అది నిదానంగా తనంతట తనే విడుతుంది. తొందరపడి ఒక్క మేకునే బాదితే పగులు గీత వదిలి పక్కకి పోతుంది. వీపుతో కాకుండా కాళ్లతో ఎత్తడం కూడా మొదటి రోజు నుంచే నేర్చుకో. వీపు పాడైతే ఈ పనిలో ఎక్కువ కాలం ఉండలేవు.

ప్రశ్న: మట్టి కట్టను ఆపడానికి ఆరడుగుల రాతి గోడ కట్టిస్తున్నాం. గోడలో పైపులు పెట్టాలంటున్నారు, అవసరమా?

జవాబు: తప్పకుండా పెట్టాలి. అలాంటి గోడలు ఎక్కువగా పడిపోయేది వెనకాల నిలిచిన నీటి వల్లే. గోడ వెనక అడుగు వెడల్పున కంకర నింపించండి, మట్టి అందులోకి దిగకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయించండి, పైపులు బయటికి కొంచెం వాలుగా ఉండాలి. గోడ ముఖం మట్టి వైపుకి వాలాలి, ఆరడుగుల ఎత్తుకి అడుగు దాకా. పైన ఇల్లో రోడ్డో ఉంటే మాత్రం ఇంజినీరు లెక్క లేకుండా పునాది తవ్వించకండి. వాన మొదలయ్యాక ఆ పైపుల్లోంచి నీళ్లు వస్తున్నాయో లేదో వెళ్లి చూడండి, రాకపోతే అవి పూడుకుపోయినట్టే, కడ్డీతో పొడిచి తెరిపించండి.